ఉత్తరం విప్పకూడదు

రాత్రి పదిన్నర దాటాక ఏరియేటర్లు నీళ్ళు చిలకడం మొదలెడతాయి.
నాలుగు చెరువులు, గట్టు మీద ఒక పాక,
ఒక బల్బు, దానికి ముసురుకున్న పురుగులు.
మేం నలుగురం నిద్రపోకూడదు.
పోయామా, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది.
మా సంగతీ తేలుతుంది.

పేకాట వద్దన్నాడు యేసుపాదం,
లేచేటప్పుడు ఒక్కడే నవ్వుతాడని.
అలా మొదలైందండి ఈ ఆట.

ఖాళీ మేత సంచీ తిరగేసి మార్కరుతో రాశాను:
మనిషికో మాట.
పక్కవాళ్ళు అన్నది కాదనకూడదు.
చీల్చిన చింతపిక్కలు నాలుగు,
తెలుపు ఎక్కువ పడితే దారి దొరుకుతుంది,
నలుపు ఎక్కువైతే దారికేదో అడ్డం పడుతుంది.
సరిసమానం పడితే మాత్రం
నలుగురం కలిసి ఒకే మాట చెప్పాలి.
దానికి ఒక్కోసారి తెల్లారిపోయేది.

"ఒక పోస్టమ్మ ఉండేదంట"
బకెట్టు బోర్లించుకుని కూచుని నాగరత్తమ్మ అంది.
"ఆవిడ సంచిలో మిగిలింది ఒకటే ఉత్తరం" నేను.
"అది లంకలో ఇవ్వాల" యేసుపాదం.
బిశ్వనాథ్‌ది బాలాసోర్ అవతల,
తెలుగులోకి వచ్చి ఏడు నెలలు.
వేళ్ళు మడుచుకుంటూ వెతికి వెతికి
"లంక... నడుస్తది" అన్నాడు.
ఇంకేదో అనబోయాడో, అదే అన్నాడో!
కాదనకూడదు కదా.
లంక నడిచింది.

వానాకాలమంతా నడిచింది.
వరద తీసిన ప్రతిసారీ మరో పాయలోకి,
వశిష్ఠలోంచి వైనతేయలోకి,
పుచ్చపాదుల్నీ దొండపందిళ్ళనీ
పాలు పిండించుకుంటున్న గేదెనీ మోసుకుంటూ.
వెనకాల పోస్టమ్మ, సైకిలెక్కి, పంటెక్కి,
అరటిబోదెల తెప్పెక్కి.
ఆవిడకి పేరు పెట్టే రాత్రి సరిసమానం పడింది.
మూడు గంటలు కొట్టుకున్నాం.
చివరికి సుభద్ర.
ఆ పేరు వాళ్ళ ఊళ్ళోనూ ఉందని
బిశ్వనాథ్ మొదటిసారి పెద్దగా నవ్వాడు.

ఉత్తరంలో ఏముందో చూద్దామని
ఒకసారి నేనే కక్కుర్తి పడ్డాను.
ముగ్గురూ నా మీద పడ్డారు.
నాగరత్తమ్మకి చదువు రాదు,
సంచీ మీద వేలుపెట్టి చూపించి మరీ రాయించింది:
ఉత్తరం విప్పకూడదు.

ఒక రాత్రి నాలుగు పిక్కలూ నల్లగానే పడ్డాయి.
వంతు యేసుపాదానిది.
చాలాసేపు బల్బుకేసి చూసి
"పంటు మునిగింది" అన్నాడు.
ఎందుకన్నాడో మాకు తెలుసు.
వాళ్ళ తమ్ముడి ఫొటోకి
ఇప్పటికీ కాగితప్పూల దండ మారుస్తుంటాడు.
మునగలేదు అనడానికి వీల్లేదు,
ఆట ఒప్పుకోదు.
ఏరియేటర్లు తిరుగుతున్నాయి.
నాగరత్తమ్మ పిక్కలు వేసింది,
ఏం పడ్డాయో చూడనేలేదు.
"మునిగింది.
అక్కడ లోతు మోకాలి దాకే."

యేసుపాదం టార్చి తీసుకుని
రెండో చెరువు చూసొస్తానని లేచాడు.
రెండో చెరువు అప్పుడే చూసొచ్చాడు.
మేం ఏమీ అనలేదు.

పట్టుబడి అయిపోయింది.
ఐసు లారీలు వెళ్ళిపోయాయి,
చెరువులు ఎండి బీటలిచ్చాయి.
యేసుపాదం ఇప్పుడు రైసుమిల్లులో హమాలీ.
నాగరత్తమ్మ షెడ్డులో రొయ్య తలలు తీస్తోంది,
కిలోకింతని.
భీమవరంలో రైలెక్కిన బిశ్వనాథ్
జేబులో చింతపిక్కలన్నీ మర్చిపోయి పట్టుకుపోయాడు.
సంచీ నా దగ్గరుంది.

వంతు అతనిది.
అందాకా లంక
నడిపాయలో ఒక కాలెత్తి అలాగే ఆగి ఉంది.
మొన్న సంతలో నాగరత్తమ్మ కనపడి
మంచీ చెడ్డా ఏమీ అడక్కుండానే విసుక్కుంది:
"ఒరే, ఆ పాదులకి నీళ్ళెవరు పోస్తన్నార్రా?"